నోటికొచ్చిన ప్రార్థన

ముందే చెప్పేస్తున్నా, ఇది "నేను తాగుబోతుని, పేకాటరాయుణ్ణి, ఒకరోజు కూటాలకి వెళ్ళా, వెలుగు కనిపించింది" టైపు సాక్ష్యం కాదు. నాకు అలాంటిదేం జరగలా. నేను పుట్టిందే చర్చి గోడ పక్కన, మా ఊళ్ళో దాన్ని గుడి అనే అంటాం. మాది గుంటూరుకి పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె, మూడు తరాలుగా లూథరన్ క్రైస్తవులం, మా తాత ఉపదేశి, అంటే పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభు సంస్కారం, అదే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్తే మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఆయనే. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగాడు కదా, మా తాత కథ ఎప్పుడు మొదలుపెట్టినా అక్కణ్ణుంచే, ఆ దొరేదో మొన్న ఆదివారం మా ఇంట్లో అన్నం తిని వెళ్ళినట్టు చెప్పేవాడు.

కాబట్టి నా భక్తి మీద ఎవరికీ డౌట్ లేదు, నాక్కూడా లేదు. సండేస్కూల్లో కంఠత వాక్యాలకి ప్రైజు ప్రతి ఏడూ నాదే, మా అమ్మ దగ్గర ఆ స్టీలు గ్లాసులు ఇప్పటికీ ఆరున్నాయి. సంఘంలో పూర్తి సభ్యత్వం ఇచ్చే ముందు పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి పుస్తకం మొత్తం నోటికొచ్చేసింది. ఒక్కో ఆజ్ఞ చెప్పాక దీని అర్థం ఏంటి అని ప్రశ్న ఉంటుంది, మొదటి ఆజ్ఞకి జవాబు ఏంటంటే అన్నిటికంటే ఎక్కువగా దేవుడికి భయపడాలి, ఆయన్ని ప్రేమించాలి, ఆయన్నే నమ్ముకోవాలి అని. నేను ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాణ్ణి, అయ్యగారు వీపు తట్టేవారు. ప్రేమించాలి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంతకీ నేను ప్రేమిస్తున్నానా అని ఒక్కసారి కూడా అనుకోలా. అడిగినవాళ్ళూ లేరు.

ఇంక ప్రార్థన. మా నాన్న సంఘ పెద్ద, ఆయన ప్రార్థనంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పేరు. ఆయన్ని చూసి నేనూ పట్టేశా. "మహోన్నతుడవును మహాఘనుడవును అయిన మా పరలోకపు తండ్రీ, ఈ సాయంకాల సమయమందు నీ పాదసన్నిధికి చేరియున్నాము, గడచిన దినములన్నిటిలో నీ రెక్కల చాటున మమ్ములను భద్రపరచిన విధానమును బట్టి..." ఇలా ఆపకుండా పది నిమిషాలు లాగగలను, ఎక్కడన్నా మాట తట్టకపోతే మధ్యలో ఒక "స్తోత్రం" పడేస్తే చాలు, ఈలోపు తర్వాతి వాక్యం దొరికేస్తుంది. ఎనిమిదో క్లాసులోనే పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో నన్ను లేపి ప్రార్థన చేయించేవాళ్ళు. "వీడు అచ్చం వాళ్ళ నాన్నేనండీ" అనేవాళ్ళు. ఇంట్లో "అమ్మా ఆకలేస్తంది" అనేవాణ్ణి, గుడిలో "అనుదినాహారమును దయచేయుము" అనేవాణ్ణి, రెండూ ఒకే నోటితోనే, కానీ ఆ ఇద్దరూ ఒకరికొకరు పరిచయం లేని మనుషులు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. నాకు స్కూల్లో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఇంకోటి. మా వాళ్ళలో చాలామందికి ఇంతే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని క్రైస్తవుడని రాయిస్తే ఎస్సీ పోయి బీసీ-సీలో పడతాం, ఆ లెక్కలు మీకు తెలిసినవే, దాని మీద ఇక్కడ వాదన పెట్టట్లా. కాకపోతే ఏడెనిమిదేళ్ళ వయసులో నాకు నిజంగానే డౌట్ వచ్చింది, దేవుడు నన్ను పిలవాల్సి వస్తే ఏ పేరుతో పిలుస్తాడా అని. ఎవర్ని అడగాలో తెలీక వదిలేశా.

కాలేజీకి వచ్చాక ఒక ప్రేయర్ గ్రూపులో చేరా. మంచి పిల్లలు, నన్ను బాగా చూసుకున్నారు, బైబిల్ పట్టుకుని కూర్చోవడం అలవాటు చేసింది వాళ్ళే, అది మర్చిపోను. కానీ అక్కడ అందరికీ ఒక తారీకు ఉండేది, యేసుని నమ్ముకుని మారిన రోజు, దాన్నే రక్షణ పొందడం అంటారు. "బ్రదర్, రక్షణ ఎప్పుడు పొందారు?" అంటే ఫలానా నెల, ఫలానా రోజు, రాత్రి ఇన్ని గంటలకి అని చెప్పాలి. నాకు తారీకు లేదు. మొదటి రెండు నెలలు ఏదో చెప్పి తప్పించుకున్నా, మూడో నెల క్యాంపులో అందరి ముందు లేపారు, నేను "ఆగస్టు 14" అన్నా. ఎందుకు ఆగస్టు 14 అంటే తర్వాతి రోజు సెలవు, గుర్తుంటుంది. హాస్టల్ టెర్రస్ మీద వాన పడుతుండగా మోకాళ్ళూని ఏడ్చానని కూడా చెప్పా. అందరూ హల్లెలూయా అన్నారు. ఆ తర్వాత ఆ సాక్ష్యం ఒక పదిసార్లన్నా చెప్పి ఉంటా, చెప్పిన ప్రతిసారీ వాన కొంచెం పెరిగేది. మూడో ఏడాదికి అది నిజంగా జరిగిందేమో అని నాకే అనిపించేది.

తర్వాత హైదరాబాద్, ఉద్యోగం, పెళ్ళి, పెద్ద చర్చి, పెద్ద స్పీకర్లు. ఆ పన్నెండేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో బుట్టలోంచి వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికి మన వంతు బైబిల్ వాక్యం ఉన్న చీటీ, తీసుకునేవాణ్ణి, నచ్చకపోతే బుట్ట ఇంకో రౌండ్ వచ్చినప్పుడు ఇంకోటి తీసేవాణ్ణి. ఒక ఏడాది "శ్రమ" అన్న మాట ఉన్న కార్డు వస్తే మా ఆవిడ చూడకుండా కుర్చీ కింద పడేశా.

శ్రమ ఆ ఏడాది రాలా, ఇంకో రెండేళ్ళకి వచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్, నాన్న స్నానం చేస్తూ పడిపోయాడు, మాట రావట్లేదు, 108 వచ్చింది, గుంటూరు తీసుకెళ్తున్నాం అని. నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. స్ట్రోక్. మెదడులో ఎడమవైపు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయినాయి. నాలుగు ఊళ్ళలో ప్రార్థనకి పేరున్న మనిషి నోట్లోంచి గాలి తప్ప ఏం రావట్లా.

ఐసీయూ బయట చుట్టాలందరూ ఉన్నారు. "నువ్వు ప్రార్థన చెయ్యి నాయనా" అన్నారు. చేశా. మహోన్నతుడవును మహాఘనుడవును అయిన అని మొదలుపెట్టి, పరమ వైద్యుడా అని మధ్యలో తిప్పి, ఎక్కడా తడబడకుండా ముగించా. అందరూ ఆమేన్ అని కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం చిన్నప్పుడు హెడ్మాస్టర్ గారికి లీవ్ లెటర్ రాసినట్టుంది. ఫార్మాట్ అంతా కరెక్టే, సంతకం కూడా ఉంది, కానీ అంత ప్రార్థనలో ఎక్కడా మా నాన్న లేడు, నేనూ లేను. ఆ రాత్రే తెలిసినాయన ఒకాయన వచ్చి, ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది, అందుకే ఇలా అయింది, ఒక మొక్కుబడి కానుక చెల్లించండి అని చెప్పి వెళ్ళాడు. ఆయనకి అమ్మ టీ కూడా ఇచ్చింది.

రాత్రి మూడింటికి మెట్ల మీద కూర్చున్నా, ఒళ్ళో మందుల కవరు, పక్కన ఫ్లాస్కు, కింద ఎవరో దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నారు. మళ్ళీ ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నా. "మహోన్నతుడవును" అన్నా, ఆగిపోయింది. మళ్ళీ అన్నా, మళ్ళీ అక్కడే ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ట్యాప్ తిప్పితే నీళ్ళొచ్చినట్టు వచ్చే మాటలు ఒక్కటి కూడా రాలా. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. తర్వాత నా నోట్లోంచి "నాకు భయంగా ఉంది" అని వచ్చింది. అచ్చం మా అమ్మతో అన్నట్టే. దాని వెనకే మిగతాది అంతా వచ్చేసింది, నాన్నకేమన్నా అయితే నావల్ల కాదు, ఆ గదిలోకి వెళ్ళాలంటేనే భయమేస్తంది, నువ్వు అసలున్నావో లేదో కూడా నాకు తెలీదు, ఇన్నాళ్ళూ నీ గురించి అందరికీ చెప్పా గానీ నీతో ఎప్పుడూ మాట్లాడలా, ఆగస్టు 14 అబద్ధం, ఆ రోజు వాన కూడా పడలా.

ఏమన్నా జరిగిందా అంటే ఏం జరగలా. స్వరం వినపళ్ళా, ఒళ్ళు జలదరించలా. కానీ ఫోన్లో అవతలివాళ్ళు ఏం మాట్లాడకపోయినా లైన్ కట్ అవలేదని మనకి తెలుస్తుంది చూడండి, అట్లాంటిది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

నాన్నని పదిహేను రోజులకి ఇంటికి తెచ్చాం. నేను ఆఫీసు వాళ్ళని బతిమాలి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊళ్ళోనే ఉన్నా. సాయానికి మా మేనత్త వచ్చింది. ఆమెకి చదువు రాదు, సీజన్లో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది, బస్తాలు ఇంటికి తెచ్చుకుని కూడా తీస్తుంది. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని, గంప ముందేసుకుని, చేతులు మండుతుంటే మధ్యమధ్యలో మజ్జిగలో ముంచుకుంటా, ఆమె మాట్టాడతానే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, తనలో తను మాట్టాడుకుంటుందేమో అనుకునేవాణ్ణి. ఈసారి పక్క గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఆ మాటలు స్పష్టంగా వినపడినాయి. "చూశావా, సగం తాలు కాయలే, వీటికి కూలెంత కడతాడో నువ్వే చెప్పు. అన్నయ్య రాత్రి నిద్రపోలేదయ్యా, కాస్త చూడరాదా. చిన్నోడు కూడా సరిగ్గా తినట్లా."

చిన్నోడు అంటే నేనే. నన్ను ఆ పేరుతో పిలిచేది భూమ్మీద ఆమె ఒక్కతే, ఆమె చెప్పబట్టి దేవుడి దగ్గర కూడా నేను ఆ పేరుతోనే తెలుసన్నమాట.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నా. "అత్తా, ఆయనతో ఎట్టా మాట్టాడతావ్?" అన్నా. నా వంక పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "ఎట్టా ఏంది? నీతో ఎట్టా మాట్టాడతన్నా, అట్టానే."

"మరి బదులు చెప్తాడా?"

"నువ్వు చెప్తన్నావా ఏంది అన్నిటికీ? నేను ఫోన్ చేస్తే ఊ, ఊ అనటమేగా నువ్వు అనేది. అయినా చెయ్యట్లా నేను?" అని గంప నా వైపు జరిపి "ఊరికే కూచోకపోతే నాలుగు తుంచు" అంది.

తుంచా. రెండ్రోజులు కళ్ళు మండినాయి.

అప్పుడొకటి తట్టింది నాకు. మనం పాస్టర్ గారిని మీరు అంటాం, కలెక్టర్ని మీరు అంటాం, దేవుణ్ణి మాత్రం తెలుగు బైబిల్ మొదట్నుంచీ నీవు అనే అంటుంది. అంత దగ్గరి మాట మన చేతిలో పెడితే దాన్ని కూడా మేం గ్రాంథికం చేసి "నీవు" అని అల్మారాలో పెట్టేశాం. అత్త "నువ్వు" అంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం దాటడానికి నాకు ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

అక్కణ్ణుంచి నేను చేసింది పెద్దదేం కాదు. పొద్దున అయిదున్నరకి లేచి డాబా మీదకి వెళ్ళి మార్కు సువార్త కొంచెం కొంచెంగా చదవడం మొదలుపెట్టా. పదహారు అధ్యాయాలే, ఒక పూటలో అయిపోతుంది, నాకు నాలుగు నెలలు పట్టింది. కంఠత పెట్టడానికి కాదు, ప్రసంగానికి పాయింట్లు ఏరుకోవడానికి కాదు, ఈ యేసు ఎలాంటి మనిషో చూద్దాం అని చదివా. అప్పటిదాకా కనపడనివి కనపడినాయి. తుఫానులో పడవలో నిద్రపోయాడని నాలుగో అధ్యాయంలో ఉంది కదా, అక్కడ తలగడ మీద పడుకున్నాడని రాసి ఉంటుంది. అదే కథ మత్తయిలోనూ లూకాలోనూ ఉంది, తలగడ మాత్రం మార్కులోనే. అంత గాలిలో ఎవరో ఆ తలగడని చూసి గుర్తుపెట్టుకున్నారు. ఆ ఒక్క తలగడ దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయా. బర్తిమయి గుడ్డివాడని అందరికీ తెలుసు, అయినా పిలిచి నీకేం చెయ్యమంటావు అని అడిగాడు. తెలిసి కూడా అడిగాడంటే వాడి నోటితో వినాలని ఉందన్నమాట. తొమ్మిదో అధ్యాయంలో దయ్యం పట్టిన ఒక పిల్లాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడు, దానికి యేసు ముందు నీ విశ్వాసం సరిచేసుకుని రా పో అనలా, పిల్లాణ్ణి బాగుచేశాడు. ఐసీయూ దగ్గరికి వచ్చిన ఆ పెద్దమనిషికి ఇది చదివి వినిపించాలని చాలా కోపంగా అనిపించింది, చదవలా.

రోజూ బ్రహ్మాండంగా ఉండేదని అనుకోకండి. సగం రోజులు నిద్రమత్తు, కొన్నిసార్లు కళ్ళు మూసుకుంటే ఆఫీసు టికెట్లే కనపడేవి, కొన్నిసార్లు టైం చూద్దామని ఫోన్ తీసి వాట్సాప్‌లో ఇరవై నిమిషాలు. అది కూడా చెప్పేవాణ్ణి, ఇదిగో ఇంతసేపు రీల్స్ చూశా అని. దాచడానికి ఏముంది.

పదో అధ్యాయంలో అసలు చిక్కొచ్చింది. ఆస్తిపరుడైన అతను పరుగెత్తుకుంటూ వస్తాడు, ఆజ్ఞలన్నీ చిన్నప్పట్నుంచీ పాటిస్తున్నానంటాడు, యేసు అతన్ని చూసి ప్రేమించాడని రాసి ఉంది, ప్రేమించి, నీకు ఒకటి తక్కువ అన్నాడు. ఆ లైను దగ్గర నాకు మా బాబాయి కొడుకు గుర్తొచ్చాడు. నా పెళ్ళప్పుడు వాడి దగ్గర 40 వేలు తీసుకున్నా, వాడు రెండుసార్లు అడిగి మానేశాడు, నేను మర్చిపోయినట్టు ఉండిపోయా, ఆ తర్వాత మా రెండిళ్ళ మధ్య పండగ కేకు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆగిపోయింది. వారం రోజులు ఆ పేజీ తిప్పలేకపోయా. మా ఆవిడకి చెప్తే "ఇంటి ఈఎమ్ఐ, మామయ్యగారి మందులు, ఇప్పుడా?" అంది, న్యాయమే కదా. రెండు విడతల్లో ఇచ్చా. వాడేమన్నా కౌగిలించుకున్నాడా అంటే లేదు, "ఇప్పుడెందుకన్నా" అని తీసి లెక్కపెట్టుకున్నాడు. క్రిస్మస్‌కి మాత్రం పిల్లాడితో కేకు పంపాడు.

ఆగస్టు 14 సంగతి కూడా కాలేజీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పేశా. వాడు చాలాసేపు మాట్లాడలా. తర్వాత "ఒరేయ్, ఆ క్యాంపులో నీ సాక్ష్యం వినే కదరా నేను బాప్తిస్మం తీసుకుంది" అన్నాడు. నాకు నోట మాట రాలా. రెండ్రోజులకి మెసేజ్ పెట్టాడు, "నా డేట్ మాత్రం నిజమే" అని. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకింకా తెలియట్లా, దేవుణ్ణి చాలాసార్లు అడిగా.

నాన్న సంగతి చెప్పలేదు కదా. స్పీచ్ థెరపీ చేయించాం, మూడు నెలలైనా "అదే, అదే" తప్ప ఇంకో మాట లేదు. మంచినీళ్ళు కావాలన్నా అదే, లైటు తీసెయ్యమన్నా అదే. ఒక ఆదివారం గుడికి వెళ్ళలేక అమ్మ, అత్త, నేను మంచం చుట్టూ కూర్చుని ఇంట్లోనే ఆరాధన చేసుకున్నాం. చివర్లో పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెడితే నాలుగో గొంతు వినపడింది. మేం ముగ్గురం ఆగిపోయాం. ఆయన ఆగలా. నీ నామము పరిశుద్ధపరచబడు గాక అని, నీ రాజ్యము వచ్చు గాక అని, కొంచెం ముద్దముద్దగా, కానీ ఒక్క మాట తప్పకుండా ఆమేన్ దాకా చెప్పేశాడు. చెప్పి మా వంక చూశాడు, ప్రైజు కొట్టిన పిల్లాడిలా. వెంటనే "నాన్నా, నీళ్ళు కావాలా?" అంటే మళ్ళీ అదే, అదే.

థెరపీ అమ్మాయి చెప్పింది, మాట పోయినవాళ్ళలో కొందరికి చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు, అంకెలు మిగిలి ఉంటాయట, సొంతంగా వాక్యం కట్టడం మెదడులో వేరే పనట. నోటికొచ్చిన ప్రార్థనంటే ఈలోపు నాకొక చులకన వచ్చేసింది, అదంతా ఉత్త అలవాటు, డాబా మీద నేను మాట్లాడేదే అసలైంది అన్నట్టు. ఆ ఆదివారంతో అది పోయింది. మాటలన్నీ పోయాక మా నాన్న చేతిలో మిగిలింది ఆ నాలుగు వాక్యాలే, వాటిని పట్టుకునే ఆయన దేవుడి దగ్గరికి వెళ్ళొచ్చేవాడు. ఆ తర్వాత రోజూ రాత్రి ఇద్దరం కలిసి చెప్పుకునేవాళ్ళం.

పధ్నాలుగు నెలలు ఉన్నాడు. పోయిన రోజు రాత్రి కూడా చెప్పుకున్నాం.

ఆ తర్వాత రెండు మూడు నెలలు నేను డాబా మీదకి వెళ్ళేవాణ్ణి గానీ "ఇవాళ నీతో మాట్లాడాలని లేదు" అని చెప్పి దిగొచ్చేసేవాణ్ణి. కోపం. బాగుచెయ్యమని అడిగా, చెయ్యలా. 88వ కీర్తన చదువుకున్నా, కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఒక మలుపుంటుంది, దానికి లేదు, చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటిది కూడా బైబిల్లో ఉంచారంటే నాలాంటివాళ్ళు ముందే ఉన్నారన్నమాట. అత్తకి చెప్తే "రోజూ ఎక్కి ఆ మాట చెప్పొస్తన్నావా? సర్లే" అని ఊరుకుంది.

మొన్న క్రిస్మస్ నెల్లో ఊరెళ్తే గుడిలో నన్ను లేపారు, మీ నాన్నగారి స్థానంలో ప్రార్థన చెయ్యి బాబూ అని. గుడి నిండా జనం, మైకు ఇచ్చారు. మహోన్నతుడవును అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది, అంత అలవాటు. కాసేపు ఆగా, మైకు పనిచెయ్యట్లేదేమో అని ఒక కుర్రాడు వచ్చి చూసెళ్ళాడు. "యేసయ్యా, నాన్న లేకుండా వచ్చిన మొదటి క్రిస్మస్ ఇది. అమ్మకి చాలా కష్టంగా ఉంది, నాక్కూడా. ఈ గుడిలో ఇట్లాంటివాళ్ళు ఇంకా ఉండుంటారు, వాళ్ళు నీకు తెలుసు. మా దగ్గరే ఉండు. ఆమేన్." అంతే, కూర్చున్నా.

ఆరాధన అయ్యాక బయట టీ తాగుతుంటే పెద్దాయన ఒకాయన, మా నాన్న ఫ్రెండే, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఏం బాబూ, ఒంట్లో బాలేదా? ప్రార్థన మొదలుపెట్టక ముందే అయిపోయిందే" అన్నాడు.